దీవిలో ఒక మనిషి ఎక్కువయ్యాడు

డోర్కస్ థీకర్ అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పటి నుంచీ అంతే. వాళ్లమ్మ ఏమీ అడక్కుండానే ఆ చెవులు చూసి వీపు మీద రెండు వడ్డించేదట. కానీ మా స్కార్‌విక్‌లో పెళ్లయిన ఆడవాళ్లందరూ చెవులు దాటి మెడ దాకా దిగే గుడ్డ టోపీ పెట్టుకుంటారు. చేపల బుట్ట నెత్తిన మోసేవాళ్లకి అది లేకపోతే ఉప్పునీళ్లు మెడలోకి కారతాయి. ఆ టోపీయే లేకపోతే ఈ గొడవంతా మొదటి రోజే తెల్లారిపోయేది, నాకు చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

మాది యార్క్‌షైర్ తీరం. కొండచరియ కింద మేము, చరియ మీద డాక్టరు, పాస్టరు, కొట్టువాడు. పైవాళ్లకి మా వాసన పడదు, మాకు వాళ్ల పొగరు పడదు, చేపలు మాత్రం అందరికీ కావాలి. తండ్రి సముద్రంలో పోయాక డోర్కస్ చిన్నపిల్లగానే పైకి వెళ్లి పాస్టరుగారింట్లో పనికి కుదిరింది. ఆయన తల్లికి చూపు మందగించింది. తనకు బైబిల్ చదివి పెట్టే మనిషి కావాలని ఆ ముసలావిడే పట్టుబట్టి ఈ పిల్లకి అక్షరాలు దిద్దించింది. ముసలావిడ కళ్లు పోయి డోర్కస్‌కి కళ్లొచ్చాయని మా వాళ్లు ఇప్పటికీ అంటారు. తర్వాత రూబెన్‌ని కట్టుకుని మళ్లీ కిందికే వచ్చింది. చరియ కింద చదవడం వచ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే.

వచ్చిన విద్య అదొక్కటే అని కూడా చెప్పాలి. మగవాళ్లు పడవలు తోసుకుని పోయాక ఆడవాళ్ల చాకిరీ మొదలవుతుంది. కత్తితో ఆల్చిప్ప విప్పి, లోపలి కండ తీసి, గాలానికి గుచ్చి, గాలాల తాడంతా చిక్కుపడకుండా తట్టలో చుట్ట చుట్టాలి. వేళ్లు తెగుతాయి, నడుములు పడిపోతాయి. డోర్కస్‌కి ఈ పని చచ్చినా అబ్బలేదు. ఆమె చుట్టిన తాడు నడిసముద్రంలో విప్పితే పిల్లి ఆడుకున్న ఉన్ని ఉండలా వస్తోందని రూబెన్ నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. చివరికి ఆడవాళ్లే ఒక ఏర్పాటు చేశారు. అందరూ డోర్కస్ వంటింట్లో పొయ్యి చుట్టూ చేరి పని చేస్తారు. ఆమె చదువుతుంది, ఆమె వంతు గాలాలకు మిగతావాళ్లు ఎర గుచ్చుతారు. అలా బైబిల్ అయింది, ప్రసంగాలు అయ్యాయి, ఓడల మునకల వార్తలు అయ్యాయి. యోనా ప్రవక్త చేప కడుపులోకి ఎన్నిసార్లు వెళ్లొచ్చాడో ఆయనకే తెలియాలి.

అలాంటి సమయంలో డాక్టరుగారి భార్య ఒక నీలం అట్ట పుస్తకం ఇచ్చింది. డోర్కస్ వారానికోసారి వాళ్లింట్లో నేల కడిగేది. నెలకొక పలచటి భాగంగా వచ్చే కథ అది, లండన్‌లో పేరున్న ఒకాయన రాస్తున్నది. తాను చదివేసిన భాగాన్ని ఆవిడ డోర్కస్‌కి ఇచ్చేసేది. ఒక ఓడ దక్షిణ సముద్రాల్లో దారి తప్పుతుంది, తుఫానులో పగిలిపోతుంది, బతికి బయటపడ్డవాళ్లు ఎవరూ ఎరగని దీవికి చేరతారు, నిధి, దొంగలు, తిరుగుబాట్లు. ప్రతి భాగంలోనూ రెండు బొమ్మలు.

ఇక్కడే అసలు పొరపాటు జరిగింది. లేనిది కల్పించి పుస్తకం రాస్తారని మా ఆడవాళ్లకి తెలియదు. వాళ్లు ఎరిగిన అచ్చు అంటే బైబిల్, కీర్తనలు, మునిగిన ఓడల పేర్లు. అచ్చయిందంటే జరిగిందనే. డోర్కస్‌కి మాత్రం ఏం తెలుసు? మొదట్లో ఆమె కూడా అలాగే నమ్మింది. తర్వాత కొంచెం అనుమానం వచ్చింది. ఒక మనిషి పడుకుని మనసులో అనుకున్న మాట లండన్‌లో కూర్చున్న ఈయనకి ఎవరు చెప్పారు? ఆ అనుమానాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియక దాన్ని అలాగే మింగేసింది.

ఇంకో చిక్కు ఉంది. ఆ దీవి నిండా అడవి పందులు. మా ఊళ్లో ఆ మాట నోటితో అనకూడదు. అంటే ఆ రోజు పడవ కదలదు. విన్నవాళ్లు వెంటనే ఇనుము ముట్టుకోవాలి. ఆ జంతువును మేం బురదాయన అంటాం. డోర్కస్‌కి ఇదంతా తెలుసు కానీ, చదివే జోరులో ఒకసారి నోరు జారింది. ఆరుగురు ఆడవాళ్లు ఒక్కసారిగా లేచి ఇనప పొయ్యి మీద పడ్డారు, ఇద్దరికి చేతులు కాలాయి. మర్నాడు గాలి అనుకూలంగా ఉన్నా ఒక్క పడవా దిగలేదు. రూబెన్ రెండు రోజులు పెళ్లాంతో మాట్లాడలేదు. అప్పటి నుంచీ ఆమె కంటికి ఆ మాట కనిపిస్తే నోటికి బురదాయన వచ్చేసేవాడు. అచ్చులో ఉన్నదంతా పైకి చదవకూడదని ఆమెకి ఊరే నేర్పింది. ఇది మర్చిపోవద్దు, తర్వాత ఆమెను తిట్టేటప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు కెజయా వెరిల్ సంగతి. కెజీ మొగుడు ఎలీ, ఎర్రగడ్డం మనిషి, చేపల వేట చాలదని విట్‌బీ రేవులో ఓడెక్కి దక్షిణానికి పోయాడు. మూడేళ్లయింది, ఆ ఓడ ఏమైందో ఎవరికీ తెలియదు. శవం లేదు, కబురు లేదు, కాబట్టి సమాధీ లేదు, మైలా లేదు. కెజీ తలుపు గడియ వేసుకోదు, ఎలీ అర్ధరాత్రి వస్తే నిద్ర లేపాల్సి వస్తుందని. ఇటు ఐజాక్ క్రూక్స్ అని భార్య పోయిన మనిషి ఒకడున్నాడు, నెమ్మదస్తుడు, సొంత పడవ ఉంది. కెజీ ఇంటికి కట్టెలు కొట్టి పెట్టేవాడు, కప్పు బాగుచేసేవాడు, చేసి చెప్పకుండా పోయేవాడు. ఆ చలికాలం ధైర్యం చేసి, నన్ను పెళ్లాడతావా అని అడిగాడు. కెజీ కాదనలేదు, ఔననలేదు. చలి తగ్గాక చెప్తానంది.

చలి తగ్గేలోపే నీలం అట్ట వచ్చింది. రెండో భాగంలో ఏమోస్ అనే కొయ్యపనివాడు ఓడలో కనిపించాడు. ఉత్తర తీరం వాడు, ఎర్రగడ్డం, పనిచేస్తూ కీర్తనలు రాగం తప్పి పాడతాడు. కెజీ చేతిలో కత్తి ఆగిపోయింది.

"మళ్లీ చదువు," అంది.

డోర్కస్ మళ్లీ చదివింది.

"మా ఎలీ అంతే. రాగం తప్పేవాడు. చాపెల్లో పక్కవాళ్లు కూడా తప్పేవాళ్లు వాడి దెబ్బకి."

పేరు వేరు కదా అని ఎవరో అన్నారు. ఓడెక్కేవాళ్లు అప్పులకు భయపడో, పెళ్లాలకు భయపడో పేరు మార్చుకోవడం కొత్తా అని మార్జరీ అవ్వ కొట్టిపారేసింది. మార్జరీ అవ్వ అంటే మా చరియ కింద హైకోర్టు. ఆవిడ తీర్పిచ్చాక అప్పీలు లేదు. ఆ రోజు నుంచీ ఏమోస్ అంటే ఎలీయే. పుస్తకం పూర్తయ్యాక జవాబు చెప్తానని కెజీ ఐజాక్‌కి కబురు పెట్టింది. పాపం ఐజాక్‌కి పుస్తకం అంటే ఏంటో, అది ఎలా పూర్తవుతుందో ఒక్క ముక్క అర్థం కాలేదు. హెర్రింగ్ చేపల్లా దానికీ ఒక కాలం ఉంటుందేమో అనుకున్నాడు.

ఆరో భాగంలో ఓడ పగిలింది. ఏమోస్ నడుముకి తాడు కట్టుకుని దూకాడు, ఈదుకుంటూ పోయి ఒడ్డున తాడు కట్టాడు. ఆ తాడు పట్టుకుని అందరూ బతికారు. చివరికి విరిగిన తెరచాప కొయ్య ఒకటి వచ్చి అతని తల మీద పడింది. డోర్కస్ నోటికంటే కళ్లు ముందు పోతాయి, చదివే వాళ్లందరికీ అంతే. నోరు ఇంకా తాడు దగ్గర ఉండగానే కళ్లు కొయ్య దగ్గరికి వెళ్లిపోయాయి. ఆమె తలెత్తింది. కెజీ ఆల్చిప్పను గుండెలకు అదుముకుని, నీళ్లు కారి బట్టలు తడుస్తున్నా తెలియకుండా, నోరు తెరుచుకుని చూస్తోంది. ఆ ముఖం చూసి కూడా కొయ్య పడేయగలిగినవాళ్లు ఉంటే ఉండొచ్చు. డోర్కస్ వల్ల కాలేదు. బురదాయన ఎంత తేలిగ్గా వచ్చేవాడో అంతే తేలిగ్గా ఒక అల వచ్చి, ఏమోస్‌ను ఎత్తి ఇసుక మీద పడేసింది. కొయ్య పక్కన పడింది.

టోపీలో చెవులు భగ్గుమన్నాయి. ఎవరూ చూడలేదు.

తర్వాత బొమ్మ చేతులు మారింది. నేల మీద రాళ్ల కుప్ప, చుట్టూ మనుషులు నిలబడి ఉన్నారు. వీళ్లేం చేస్తున్నారే అని మార్జరీ అవ్వ అడిగింది. బిస్కట్ల పీపాకి ఎండ తగలకుండా రాళ్లు పేరుస్తున్నారని చెప్పింది డోర్కస్. ఏమోస్ కనపడడేమని కెజీ అడిగింది. కాలు విరిగింది, గుహలో పడుకున్నాడంది. ఆ కాలు విరగడం అచ్చులోనూ లేదు, ఆమె బుర్రలోనూ అంతకుముందు లేదు, ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు. కెజీ మాత్రం బొమ్మలో ఎర్రగడ్డం కోసం వెతికి, లేదని తెలిసి, స్థిమితపడి మళ్లీ కత్తి అందుకుంది.

చచ్చినవాణ్ణి బతికించడం ఒక్క మాట పని. బతికినవాణ్ణి సాకడం ఎంత కష్టమో డోర్కస్‌కి ఏడో భాగంలో తెలిసింది. దీవిలో ఒక మనిషి ఎక్కువయ్యాడు. వాడికి కూడు కావాలి, నీళ్లు కావాలి, కాలికి కట్టు కావాలి. బొమ్మల్లో ఎక్కడా లేడు కాబట్టి గుహ దాటి రాకూడదు. దొంగలు దాడి చేసినప్పుడు ఏమోస్ ఏం చేస్తున్నాడని అడుగుతారు. నిధి దొరికితే వాడి వాటా ఏదని అడుగుతారు. ఒకరోజు పక్షి గుడ్లు తిన్నాడని చెప్పి, మర్నాడు ఆ దీవిలో పక్షులే లేవని అచ్చులో ఉన్నది చదివేసింది. ఇంకోరోజు ఎడమ కాలు కుడి కాలైంది. వాడికి రెండు కాళ్లూ విరిగాయని మార్జరీ అవ్వ తనే సర్దుకుంది. వీడు ఇంత సోమరిపోతేంటి, పాకుతూ అయినా బయటికి రాకూడదా అని ఇంకొకావిడ విసుక్కుంది. కెజీ మాత్రం ప్రతిరోజూ ఒకటే అడిగేది, పాడుతున్నాడా అని. పాడుతున్నాడనేది డోర్కస్. రాగం తప్పుతున్నాడా అనేది కెజీ. తప్పుతున్నాడనేది.

రానురాను ఆమెకి మతి పోవడం మొదలైంది. ఏది అచ్చు, ఏది తన నోటి మాట అని తెలియకుండా పోయింది. పాత భాగాలు తీసి వెతుక్కునేది, ఇక్కడే ఎక్కడో చదివినట్టుందే, ఏమోస్ రాయి మీద గీత గీసిన ఘట్టం, ఎక్కడుంది? ఎక్కడా లేదు. ఉంటే తన నాలుక మీద ఉండాలి. పేజీలో ఉన్న దొరల కంటే పేజీలో లేని ఏమోసే ఆమెకి స్పష్టంగా కనిపించేవాడు. గుహలో తడి గోడ, గడ్డంలో ఉప్పు, అన్నీ.

ఉండబట్టలేక డాక్టరుగారి భార్యని అడిగింది.

"అమ్మగారూ, ఇదంతా జరిగిందేనా?"

ఆవిడ పకపకా నవ్వింది. ఆ రచయిత లండన్ వదిలి కదలడట, పడవెక్కితే వాంతులట, అంతా ఆయన ఊహేనట. అంతలో ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"అయినా ఆ ఏమోస్ పోయినప్పుడు నేనెంత ఏడ్చానో తెలుసా? అది నిజం కాదంటే మాత్రం నేనొప్పుకోను."

డోర్కస్ చరియ మెట్లు దిగుతూ ఆలోచించింది. జరగలేదట, కానీ నిజమట. ఏమోస్ లేడట, కానీ పోయాడట. మరి తను చెప్పింది ఏంటి? అబద్ధంలో అబద్ధం కలిపితే నిజమవుతుందా, రెండింతల అబద్ధమవుతుందా? ఇంటికొచ్చి రూబెన్‌కి చెప్పుకుంది. రూబెన్ నోట్లో పైపు తీసి పక్కన పెట్టాడు.

"ఎవడూ పుట్టలేదు, ఎవడూ చావలేదంటావు. మరి నువ్వు బతికించింది ఎవణ్ణే?"

ఇదంతా ఊహ అని కెజీకి చెప్పేద్దామా అని ఒక రోజు గుమ్మం దాకా వెళ్లింది. కెజీ లోపల ఎలీ పాత ఉన్ని చొక్కాకి మోచేతులు అల్లుతోంది, గుహలో చలికి పాతవి చిరిగిపోయి ఉంటాయి కదా, వచ్చేసరికి ఇది సిద్ధంగా ఉండాలట. డోర్కస్ ఉప్పు అప్పు అడిగి తిరిగొచ్చింది.

దారిలో ఐజాక్ ఎదురయ్యాడు. కోటు అంచు చేతుల్లో నలుపుతూ, ఆ పుస్తకం ఇంకా ఎన్నాళ్లుందని అడిగాడు. ఇంకో రెండు భాగాలని చెప్పింది.

"అందులో ఆయన తిరిగొస్తే మంచిదే, డోర్కస్ అక్కా. ఎలీ నాకూ స్నేహితుడే. రాకపోతే రాలేదని చెప్పమను. ఆమె కిటికీలో దీపం చూస్తుంటే నాకు ఏం చెయ్యాలో తోచట్లేదు. కట్టెలు కొట్టి వచ్చేస్తున్నాను."

వచ్చేవాడైతే పండగే, రానివాడి కోసం తను ఇద్దరి బతుకులు ఆపి కూర్చుందని అప్పుడు ఆమెకి తట్టింది. అయినా ఇంకా ఒక ఆశ. చివరి భాగంలో ఎలాగో ఒక ఓడ వచ్చి అందరినీ ఎక్కించుకుంటుంది కదా, అందులో ఏమోస్‌ని కూడా ఎక్కించి, దారిలో జబ్బు చేయించి, మెల్లగా, బాధ లేకుండా సాగనంపాలని లెక్క వేసుకుంది. ఒక మనిషిని చంపడానికి అంత జాగ్రత్తగా ఏర్పాటు చేసుకున్న ఆడది మా తీరంలో ఇంకొకతె లేదు.

చివరి భాగం వచ్చింది. వంటింట్లో చోటు చాలక ఇద్దరు గుమ్మంలో కూర్చున్నారు. ఓడ వచ్చింది, పడవ దించారు, దీవి మనుషులు ఏడుస్తూ నవ్వుతూ ఎక్కారు. డోర్కస్ ఏమోస్ మాట ఎత్తబోయే లోపే మార్జరీ అవ్వ ఆమె ఒళ్లోంచి బొమ్మ లాగేసుకుంది. పడవ దీవిని వదిలి పోతోంది, లోపల ఒక్కొక్క ముఖం విడివిడిగా కనిపిస్తోంది, ఒంటి చేతి కెప్టెను, లావుపాటి వంటవాడు, దొరగారి కొడుకు, చివరికి చిలక కూడా. కెజీ వేలు ఒక్కో ముఖం మీద ఆగి కదిలింది. గడ్డం ఒక్కటీ లేదు.

"ఏమోస్ ఏడే?" అంది మార్జరీ అవ్వ.

డోర్కస్ నెల రోజులు అల్లుకున్నదంతా ఎగిరిపోయింది.

"ఏమోస్ గురించి ఇందులో ఏమీ లేదు," అంది.

ఇన్ని నెలల్లో ఆమె చెప్పిన మొదటి నిజం అది. ఆ నిజం చేసినంత చేటు అబద్ధాలన్నీ కలిసి కూడా చేయలేదు.

"వదిలేశారా!" అని గుమ్మంలోంచి ఎవరో అన్నారు. ఇంక చూడండి. కాలు విరిగినవాణ్ణి, తాడు కట్టి తమ ప్రాణాలు నిలబెట్టినవాణ్ణి గుహలో వదిలేసి చిలకని ఎక్కించుకున్నారని మార్జరీ అవ్వ ఆ కెప్టెను ఏడు తరాలనూ కడిగేసింది. కెజీ మాత్రం లేచి చేతులు కడుక్కుంది, ముందు కట్టుకున్న గోనెగుడ్డ విప్పి మడత పెట్టింది. రేపు చేపల బండిలో విట్‌బీ వెళ్తానంది. ఓడల యజమాని కాళ్లు పట్టుకుంటానంది. దీవి ఎక్కడుందో అచ్చులో ఉంది కదా, డోర్కస్ వచ్చి చదివి చూపిస్తే చాలునంది.

"ఐజాక్‌కి మీరే చెప్పండి. నా మొగుడు బతికే ఉన్నాడని చెప్పండి."

"కెజీ, ఆగు," అంది డోర్కస్. "ఏమోస్ చచ్చిపోయాడు. ఆరో భాగంలోనే చచ్చిపోయాడు. నేనే చదవలేదు."

చేతుల్లోని గాలాలు తట్టల్లో పడ్డాయి. ముందు తేరుకున్నది మార్జరీ అవ్వ.

"అప్పుడు బతికాడన్నావు. ఇప్పుడు చచ్చాడంటున్నావు. ఏది అచ్చులో ఉంది?"

"చచ్చిపోయాడనే అచ్చులో ఉంది."

"మరి ఆ గుహ?"

"నాదే."

"ఆ గుడ్లు? ఆ పాట? ఆ విరిగిన కాలు?"

"అన్నీ నావే అవ్వా."

"ఓసి నీ దుంప తెగ! ఆ కాలు కోసం నేను చాపెల్లో ప్రార్థన చేశానే!"

ఇప్పుడు ఎవరిని నమ్మాలి? అదీ చిక్కు. చదవడం వచ్చింది ఆమెకి ఒక్కతెకే, ఆమె మాటేమో చెల్లని నాణెం అయిపోయింది. విట్‌బీ దాకా రావడం ఇష్టం లేక ఇప్పుడు చంపేస్తోందేమో అని ఒకావిడ అననే అంది. టోపీ తియ్యవే, చెవులు చూస్తాం అంది మార్జరీ అవ్వ. డోర్కస్ టోపీ తీసింది. చెవులు నిప్పుకణికల్లా ఉన్నాయి. అబద్ధం కాదు, సిగ్గు, ఏడుపు, పొయ్యి సెగ, అన్నీ కలిసి. ఆమె ఏడుస్తూ ఆరో భాగం తెచ్చి ఆ పేజీ చదివింది, తాడు, ఈత, కొయ్య. చదువుతుంటే తనకే అనుమానం వచ్చింది, ఇది నిజంగా ఇక్కడ ఉందా, ఇది కూడా నేనే కల్పిస్తున్నానా అని. వేలు పెట్టి అక్షరం అక్షరం చూసుకుంది.

కెజీ ముందుకొచ్చి ఆ భాగం ఆమె చేతిలోంచి తీసుకుంది. అక్షరాల వైపు చూడలేదు. రాళ్ల కుప్ప బొమ్మ తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది.

"వీళ్ల చేతుల్లో ఏంటివి?"

"టోపీలు," అంది డోర్కస్.

"కోట్లు ఎగురుతున్నాయి. గడ్డి నేలకి వాలిపోయింది. ఇంత గాలిలో మగాళ్లు టోపీలెందుకు తీశారు?"

మా మగవాళ్లు టోపీ తీసేది దేవుడి ముందు, శవం ముందు. నిద్రలో కూడా తీయనివాళ్లున్నారు.

"బిస్కట్ల పీపాకి ఎవడూ టోపీ తియ్యడు," అంది కెజీ.

ఆమె ఆ బొమ్మతోనే పీట మీద కూర్చుంది. ఏడుస్తుందని అందరూ దగ్గరికి జరిగారు. ఏడవలేదు, కాసేపు ముందుకీ వెనక్కీ ఊగింది. తర్వాత రాళ్ల మీద వేలితో మెల్లగా రాసింది.

"రాళ్లు పేర్చారన్నమాట. చుట్టూ నిలబడ్డారు. ఇన్నాళ్లూ లోపల్లోపల, ఇంకా నీళ్లలోనే ఉన్నాడనుకునేదాన్ని."

అది ఏమోస్ కదా, ఎలీ కాదు కదా, అసలు ఏమోసే లేడు కదా అన్న మాట డోర్కస్ నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. ఆ మింగడం తప్పా ఒప్పా అని ఆమె తర్వాత చాలా ఏళ్లు ఆలోచించింది, తేలలేదు. నన్నడిగితే నాకూ తేలలేదు. మార్జరీ అవ్వ కూడా నోరు మూసుకుంది. మా చరియ కింద అద్భుతమంటే అదే.

మూడో రోజు మా పద్ధతి ప్రకారం ఇద్దరు ఆడవాళ్లు నల్లబట్టలు కట్టుకుని గడప గడపకీ వెళ్లి ఎలీ వెరిల్ అంత్యక్రియలకు రమ్మని పిలిచారు. శవం ఏదని పైవాళ్లు ఆశ్చర్యపోయారు. కిందివాళ్లు ఎవరూ అడగలేదు. చరియ అంచున చిన్న గొయ్యి తవ్వి, మోచేతులు కొత్తగా అల్లిన ఆ ఉన్ని చొక్కాలో బొమ్మను చుట్టి పెట్టారు. ఖననం ఎవరిదని పాస్టరుగారు డోర్కస్‌ని చెవిలో అడిగారు. తెలియదండీ, మీరు చదవండి అంది. ఆయన అయోమయంగానే కీర్తన చదివారు. డోర్కస్ పక్కనే నిలబడి ఆయన చదివే ప్రతి మాటా అచ్చులో ఉందో లేదో ఆయన భుజం మీదుగా చూసుకుంది. చివర్లో అందరూ పాడారు, కెజీ కోరితే కావాలనే రాగం తప్పి పాడారు.

రాళ్లు మోసింది ఐజాక్. పొద్దుటి నుంచీ ఇసుకలోంచి ఒక్కో రాయీ పైకి తెచ్చి పేర్చి, పని అయ్యాక దూరంగా పోయి నిలబడ్డాడు. ఈశాన్యం గాలి కోసేస్తోంది. టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు, ఉన్న నాలుగు వెంట్రుకలూ గాలికి లేచి నిలబడ్డాయి. పాట అయిపోయింది, ప్రార్థన అయిపోయింది, జనం టీ తాగడానికి కదిలారు, ఆయన ఇంకా అలాగే ఉన్నాడు.

కెజీ నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"టోపీ పెట్టుకో ఐజాక్. జలుబు చేస్తుంది."

మా ఊళ్లో ఆ మాట మగవాడితో తల్లి అంటుంది, లేకపోతే పెళ్లాం అంటుంది. ఇంకెవరూ అనరు. ఐజాక్ కంగారుగా వెనక్కి చూశాడు, ఎవరిని అన్నదో అని. వెనక సముద్రం తప్ప ఏమీ లేదు. మార్జరీ అవ్వ వెళ్లి డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

"నిన్నే."

ఐజాక్ టోపీ పెట్టుకున్నాడు.